పొలమారడం మీద నలభై ఐదు నిమిషాలు

పెద్దవాళ్ల సేవల మీద ఏటా జరిగే ఒక సదస్సుకి మూడేళ్ల కిందట నేనో సెషన్ ప్రతిపాదించాను. “పొలమారితే ఎవరూ తలుచుకోవట్లేదు” అని దానికి పేరు పెట్టాను. పక్షవాతం వచ్చిన మనిషికి అన్నం ఎలా తినిపించాలో, నీళ్లు ఎలా పట్టాలో చేసి చూపిస్తాం, వచ్చినవాళ్ల చేత చేయిస్తాం, నలభై ఐదు నిమిషాలు చాలు అని రాశాను. వారం తిరక్కుండా జవాబొచ్చింది. విషయం బాగుంది గానీ మరీ చిన్నదట. “వృద్ధుల పోషకాహారం: సవాళ్లు, అవకాశాలు” అని కాస్త విస్తరించి పంపితే పరిశీలిస్తారట. నేను విస్తరించలేదు, వాళ్లు పరిశీలించలేదు.

తమాషా ఏమిటంటే, ఈ ఏడు అదే సదస్సుకి వచ్చిన ప్రతిపాదనలు చదివే కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. ఎవరో పెద్దాయన ఆఖరి నిమిషంలో తప్పుకుంటే ఖాళీ పూడ్చడానికి పిలిచారని నా అనుమానం. అరవై పైచిలుకు ప్రతిపాదనలు. రెండు ఆదివారాలు పట్టింది. సగానికి సగం “2050 నాటికి” అంటూ మొదలయ్యాయి. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వేసిన నివేదికలో ఆ లెక్క ఉంది: మన దేశంలో అరవై దాటినవాళ్లు 2022లో పదిన్నర శాతం, 2050కి 20.8 శాతం, అంటే దాదాపు 35 కోట్ల మంది. లెక్క నిజమే. అప్పటికి బతికుంటే అందులో నేనూ ఉంటాను. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2021కే ప్రతి ఎనిమిది మందిలో ఒకరు అరవై దాటేశారు, తెలంగాణలో తొమ్మిది మందిలో ఒకరు. వాళ్లకి రేపు పొద్దున్న స్నానం చేయించాలి. ఆ పని ఎలా చెయ్యాలో చెప్పే కాగితం అరవైలో ఒక్కటీ లేదు.

ఉన్నదల్లా అవగాహన. డిమెన్షియాపై అవగాహన, చట్టాలపై అవగాహన, వృద్ధాప్య సమస్యలపై సమగ్ర అవగాహన. ఎయిడ్స్ నుంచి ఓటుహక్కు దాకా మనవాళ్లు దేన్నీ వదల్లేదు. ఒక ఫ్లెక్సీ, జ్యోతి ప్రజ్వలన, వేదికనలంకరించిన పెద్దలు, శాలువాలు, మెమెంటోలు, ఆపైన భోజనాలు. ఆ మాటలో ఉన్న సుఖం ఏమిటంటే, వచ్చిందా రాలేదా అని ఎవరూ తిరిగి అడగరు. ఈత నేర్పిస్తానన్నవాణ్ణి నీళ్లలోకి దిగి చూపించమనొచ్చు. ఈతపై అవగాహన కల్పిస్తానన్నవాణ్ణి ఏమంటాం?

మాస్టారి సంగతి చెబితే నా కోపం ఎక్కడిదో తెలుస్తుంది.

నేను విజయవాడలో ఇళ్లకెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. ఆయన సత్యనారాయణపురంలో ఉండే రిటైర్డు లెక్కల మాస్టారు. కుడిపక్క పక్షవాతం. నేను వెళ్లేది కాలు కోసం. కాలు బాగానే వస్తోంది. కానీ నెల తిరిగేసరికి జ్వరం, దగ్గు, ఆసుపత్రి, ఐదు రోజులు సెలైన్లు, మళ్లీ ఇల్లు. మూడుసార్లు ఇదే వరస. ఒకరోజు నేను వెళ్లేసరికి టిఫిన్ వేళ. రెండు దిండ్లు పెట్టి పడుకోబెట్టి, మామ్మగారు ఇడ్లీ సాంబారులో మెదిపి నోట్లో పెడుతున్నారు. ఆఖర్న చెంబు తీసుకున్నారు. ఆయన గడ్డం పైకెత్తి నోరు తెరిచారు, ఆవిడ పైనుంచి సన్నగా ధార పోశారు. ఎంగిలి కాకుండా ఎత్తిపోసుకుని తాగడం ఆయనకి పుట్టిబుద్ధెరిగిన అలవాటు. పొలమారింది. ఆవిడ మాడు మీద తట్టి, “అమెరికాలో మీ చిన్నాడు తలుచుకుంటున్నాడు” అని నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నవ్వులో గొంతు గరగరమంది, నీళ్లలోంచి మాట్లాడినట్టు.

ఆ గరగర వినగానే నాకు జ్వరాల లెక్క తేలిపోయింది. గడ్డం పైకెత్తితే ఊపిరిగొట్టం దారి బార్లా తెరుచుకుంటుంది. మనకైతే మింగే క్షణంలో ఆ దారి చటుక్కున మూసుకుంటుంది కాబట్టి ఎత్తిపోసుకున్నా చెల్లుతుంది. పక్షవాతంలో ఆ మూత ఆలస్యంగా పడుతుంది. నీళ్లు పల్చన, మూత పడేలోపే జారిపోతాయి. లోపలికి పోయిన నీళ్లు, మెతుకులు ఊపిరితిత్తుల్లో చేరి న్యుమోనియా అవుతాయి. కొందరికి అసలు దగ్గే రాదు, వాళ్ల గురించి మరీ భయపడాలి.

మింగుడు పరీక్ష చేసే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పంపాం. ఈలోగా ఆ ఇంట్లో పగటి డ్యూటీ చేసే ఆయమ్మకి నేను నాలుగు ముక్కలు చెప్పాను: నిటారుగా కూర్చోబెట్టు, గడ్డం గుండెల వైపు దించు, చెంచాడు పెట్టాక గొంతు ముడి పైకి లేచి దిగేదాకా ఆగు, తిన్నాక అరగంట పడుకోనివ్వకు. వారం తర్వాత వెళ్లి చూస్తే ఆవిడ నాకు పాఠం చెప్పింది. తను చిన్న స్టూలేసుకుని ఆయనకంటే కిందుగా కూర్చుంది. “నేను కిందుంటే ఆయన నా మొహం చూడ్డానికి గడ్డం దించుతారు డాక్టరమ్మా, ప్రతిసారీ దించండి దించండి అనక్కర్లేదు.” చెంచా కూడా కిందనుంచే నోటికి అందిస్తోంది. నీళ్ల బదులు థెరపిస్టు చెప్పినట్టు చిక్కని జావ. నాలుగు చెంచాలకోసారి ఆపి ఎక్కం చెప్పమంటోంది. పదమూడో ఎక్కం. గొంతు తేటగా పలికితే ఐదో చెంచా, గరగరమంటే ఆగడం. లెక్కల మాస్టారు కదా, ఆయనకి అది శిక్షలా లేదు, గౌరవంగానే ఉంది. తర్వాత ఆరు నెలలు ఆసుపత్రి గడప తొక్కలేదు.

నలభై ఐదు నిమిషాల్లో నేర్పగలిగింది ఇది. మరీ చిన్నదన్నది దీన్నే.

సరే, కమిటీ సంగతికొద్దాం. దరఖాస్తులో ఒక గడి ఉంది: “ఈ సెషన్ ద్వారా నేర్చుకునే మూడు అంశాలు”. అమెరికా సదస్సుల ఫారాల నుంచి దింపుకున్నదని చూడగానే తెలుస్తుంది. గడి దింపారు గానీ దాని వెనకున్న పట్టింపు దింపలేదు. అక్కడ ఆ గడిలో “తెలుసుకుంటారు”, “గ్రహిస్తారు” అని రాస్తే సాధారణంగా ఒప్పుకోరు, కంటికి కనబడే పని రాయమంటారు. 1956లో అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ బృందం చదువు లక్ష్యాలకి మెట్లు కట్టినప్పటి నుంచీ నడుస్తున్న పద్ధతి అది. మన ప్రతిపాదనల్లో ఆ గడిలో ఉన్నవి: అవగాహన పొందుట, ప్రాముఖ్యతను గుర్తించుట, దృక్పథంలో మార్పు. ముగ్గురు మనుషులు ముప్పావుగంట మాట్లాడితే మారిపోయే దృక్పథం ఇంట్లో అత్తగారి మంచం పక్కకెళ్లేసరికి ఎలాగూ మళ్లీ మారుతుంది.

నేను కమిటీలో ఒకే మాట పట్టుకు కూర్చున్నాను. ప్రతి ప్రతిపాదన మీదా “ఈ గదిలోంచి బయటికెళ్లినవాళ్లు రేపు పొద్దున్న ఫలానా పని చెయ్యగలగాలి” అన్న ఒక్క వాక్యం ఉండాలి. ఆ ఫలానా దగ్గర చేతితోనో నోటితోనో కాలితోనో చేసే పని రాయలేకపోతే అది సెషన్ కాదు, ఉపన్యాసం. ఉపన్యాసాలకి మనకేం కొరత లేదు, కార్తీకమాసంలో బోలెడు.

ఒక డాక్టరుగారు అడ్డుపడ్డారు. “మనం నర్సింగ్ ట్రైనింగ్ ఇవ్వడానికి సదస్సు పెట్టట్లేదమ్మా, విధానాల గురించి మాట్లాడకపోతే ఈ చెంచాలూ దిండ్లూ ఎన్నాళ్లు?” కాసేపు నాకు జవాబు తోచలేదు. ఆయన మాటలో నిజముంది. జిల్లా ఆసుపత్రిలో పెద్దవాళ్లకి వార్డు లేకపోతే ఆయమ్మ స్టూలేసుకుని కూర్చుని ఏం లాభం? కానీ విధానాల సెషన్‌కి కూడా పని ఉండొచ్చు కదా. వృద్ధుల ఆరోగ్యానికి కేంద్రం 2010లో మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమం ప్రకారం జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు ఉండాలి. మీ జిల్లాలో ఉందా, ఉంటే అందులో పడుకున్నది ఎవరు అని సమాచార హక్కు దరఖాస్తు అక్కడే కూర్చుని రాయించండి. యాభై మంది వస్తే యాభై దరఖాస్తులు పోస్టులో పడతాయి. డాక్టరుగారు నవ్వి, “అలాగైతే మా సూపరింటెండెంటు నన్ను పిలవడు” అన్నారు. ఆ సెషన్ ఇంకా తేలలేదు.

ఆస్తి రాసివ్వడం మీద నాలుగు ప్రతిపాదనలొచ్చాయి. నాలుగింట్లోనూ మాట్లాడేది లాయర్లో, రిటైరైన న్యాయమూర్తులో. చట్టం 2007ది, తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. అందులో 23వ సెక్షన్ ప్రాణం లాంటిది: చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని చూసుకోకపోతే ఆ దస్తావేజుని రద్దు చేయమని ట్రిబ్యునల్‌ని అడగొచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో గారే. అయితే షరతు ఉండి తీరాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా కేసులో చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో కాస్త మెత్తబడి, ఈ చట్టాన్ని పెద్దవాళ్లకి మేలు జరిగేలా ఉదారంగా చదవాలంది. ఆ కేసులోనూ తల్లిని చూసుకుంటామన్న మాట విడిగా ఒక కాగితం మీద ఉంది.

అంటే అంతా ఆ ఒక్క వాక్యం మీద నిలబడింది. ఆ వాక్యాన్ని రాసేది ఎవరు? న్యాయమూర్తి కాదు. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు పక్క గదిలో కూర్చునే దస్తావేజు లేఖరి. ఆయన దగ్గర దాన సెటిల్మెంటుకి పాత నమూనా ఒకటుంటుంది. “నీ యందు నాకు గల ప్రేమాభిమానములచేత” అని మొదలై “నాకు గాని నా వారసులకు గాని ఎట్టి హక్కు లేదు” అని ముగుస్తుంది. మధ్యలో తిండి, మందులు, ఉండే గది ఊసే ఉండదు. పెద్దాయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వస్తాడు, కొడుకు ఇక్కడ పెట్టు నాన్నా అంటాడు, ఆయన పెడతాడు. కాబట్టి న్యాయమూర్తిగారిని ముందు వరసలో కూర్చోబెట్టి, వేదికెక్కించాల్సింది ఇద్దరు దస్తావేజు లేఖరుల్ని. వాళ్ల నమూనా తెర మీద వేసి, షరతు ఎక్కడ ఇరికించాలో ఏ మాటల్లో ఇరికించాలో అందరి ముందూ రాయించాలి. వచ్చినవాళ్లు ఆ నాలుగు పంక్తులు ఫోటో తీసుకుని వెళ్లాలి. ఇంత చెప్పాక కమిటీలో ఒకరు “వాళ్లు వస్తారా?” అన్నారు. పిలిస్తే కదా తెలిసేది.

నాకు అన్నింటికంటే ఆశ ఉన్నది మాత్రం ఎవరూ ప్రతిపాదించని సెషన్ మీద. ఆంధ్రాలో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలయింది. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ, వార్డు సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి చేతిలో పెడుతున్నారు. ఏ డాక్టరూ ఏ కొడుకూ చెయ్యని పని ఇది. అంతమంది పెద్దవాళ్లని నెలకోసారి, ఒకే రోజున, వాళ్ల గుమ్మంలోనే చూడటం. వేలిముద్ర పడదు, అరిగిపోయి ఉంటుంది. తుడిచి, మళ్లీ పెట్టించి, మొహం చూపించమని, ఆ తంటాలన్నీ అయ్యేసరికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో ఏం చూడాలో ఆ ఉద్యోగికి నేర్పితే?

మనిషి లోపలి గదిలోంచి లేచి రావడం చూడటమే సగం పరీక్ష. మా వృత్తిలో ఒక పరీక్షుంది, 1991 నుంచీ వాడుకలో ఉంది. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి, వచ్చి కూర్చోవాలి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ముప్పున్నట్టు. అరవై ఐదు దాటినవాళ్లలో సుమారు ముగ్గురికొకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన ఇళ్లల్లో నేను చూసినంతలో ఎక్కువమంది పడేది రెండు చోట్ల: బాత్రూం, గడప. పసుపు రాసి ముగ్గు పెట్టిన ఎత్తు గడపని కళ్లు మసకబారినావిడ చీకట్లో దాటాలి. గడప కొట్టించమంటే ఇంట్లో ఒప్పుకోరు, శాస్త్రం. పక్కన పట్టుకోవడానికి ఒక కొయ్య బిగిస్తే ఏ శాస్త్రానికీ అడ్డం లేదు. పింఛను తెచ్చిన అమ్మాయి ఆ ఒక్క మాట చెప్పి వస్తే చాలు. పోయిన నెల లేచొచ్చిన తాత ఈ నెల మంచం మీదే వేలిముద్ర వేస్తే, అది చూసి పీహెచ్‌సీకో, పెద్దల కోసం పెట్టిన 14567 నంబరుకో ఫోను చేస్తే చాలు. ఇది వాళ్ల డ్యూటీ కాదంటారా, నిజమే. ఇప్పటికే వాళ్ల నెత్తిన సవాలక్ష సర్వేలున్నాయి. అందుకే ఫారం ఇవ్వొద్దు, యాప్ అసలే వద్దు. చూపు ఒక్కటి నేర్పండి.

విదేశాల్లో ఉన్న పిల్లల కోసం కూడా ఇలాంటిదే ఒకటి అడిగాను. ఆదివారం వీడియో కాల్‌లో “బావున్నావా అమ్మా” అంటే “బావున్నాన్రా” అనే వస్తుంది, మోకాలు విరిగినా అదే వస్తుంది. ఆ మాట మానేసి, “అమ్మా, ఫోను పట్టుకుని వంటింట్లోకి నడువు, ఏం కూర చేశావో చూపించు” అనాలి. నడక కనిపిస్తుంది, లేవడానికి ఎన్నిసార్లు ఊగిందో కనిపిస్తుంది, పొయ్యి మీద మాడిన గిన్నె కనిపిస్తుంది. ఒకే కూర మూడు గిన్నెల్లో కనిపిస్తే అది చాదస్తమని నవ్వి ఊరుకోకూడదు. అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, దేశం మొత్తమ్మీద 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని ఎయిమ్స్ వాళ్లూ అమెరికా వాళ్లూ కలిసి చేసిన అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. మన ఇళ్లలో దానికి ఇప్పటికీ చాదస్తమనే పేరు.

ఇక ఎవరు చెప్పాలన్నది. ఇక్కడే కమిటీలో అసలు గొడవయింది. నా మూడేళ్లనాటి ప్రతిపాదనని మళ్లీ పెట్టాను, అదే పేరుతో. వక్త దగ్గర మాస్టారింటి ఆయమ్మని రాశాను, నన్ను పక్కన సహాయానికి. ఒకరు అభ్యంతరం చెప్పలేదు గానీ, “ఆవిడ మాట్లాడగలదా?” అన్నారు. మాట్లాడక్కర్లేదు. ఒక మంచం, ఒక స్టూలు, ఒక చెంచా ఇస్తే చాలు. పోయినేడు మా అపార్టుమెంటు సెల్లారులో చిన్న ప్రయోగం చేశాం. పంతొమ్మిది మంది వచ్చారు, ఎక్కువమంది కోడళ్లు, ఇద్దరు కొడుకులు. నన్ను మంచాన పడిన మనిషిలా పడుకోమంది. దుప్పటి నాలుగు మడతలు వేసి నా నడుము కింద పరిచి, మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి తుంటి మీద వేసి దొర్లించింది. యాభై కిలోలుండే ఆవిడ డెబ్బై కిలోల నన్ను. వీపు పుండు పడకుండా రెండు గంటలకోసారి ఇలా మార్చమంది. వెనకనుంచి ఒకావిడ, గాలిపరుపు కొన్నాం కదా, ఇంకా తిప్పాలా అంది. “పరుపు గాలి మారుస్తదమ్మా, మనిషిని మార్చదు” అంది ఆయమ్మ. ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి రుద్దుతున్నామని ఇంకొకాయన చెబితే, ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని గట్టిగా రుద్ది, “మీకే మండింది, ఆ చర్మం ఏం తట్టుకుంటది” అంది. నేను రెండేళ్లు చదివినా అంత తొందరగా చెప్పలేను.

పంతొమ్మిది మందే ఎందుకొచ్చారంటే, మిగతావాళ్లు ఇంట్లో మంచం పక్కన ఉన్నారు కాబట్టి. సదస్సుకి రావాల్సినవాళ్లు సదస్సుకి రాలేనివాళ్లే. ఇది ఏ ప్రతిపాదనలోనూ ఉండదు. ఒక్క పూటకి మనిషిని పెట్టి పంపిస్తే తప్ప వాళ్లు కదల్లేరు. కాబట్టి బడ్జెట్లో శాలువాల పద్దు కొట్టేసి, ఆ పూటకి బదులు ఆయాల కూలి అని రాయమన్నాను. వేదిక మీద పెద్దలు నొచ్చుకుంటారన్నారు. పెద్దలు అంటే ఎవరో అని అడగబోయి ఊరుకున్నాను, అప్పటికే సాయంత్రం ఏడయింది.

చివరికి సెషన్ ఒప్పుకున్నారు. మధ్యాహ్నం రెండున్నరకి, భోజనాల తర్వాత, చిన్న హాల్లో. ఫర్వాలేదు, మంచం పడుతుంది. ఫారం నింపడానికి మాస్టారింటికి వెళ్లాను. విద్యార్హతల దగ్గర గడి నొక్కితే డాక్టరేటు, పీజీ, డిగ్రీ, ఇతరం అని నాలుగే వచ్చాయి. ఇతరం పెట్టాను. అనుభవం అన్న దగ్గర ఏం రాయమంటావని అడిగితే, జావ కలుపుతూనే ఆలోచించింది.

“నా చేతుల్లో పదకొండుమంది పోయారు డాక్టరమ్మా. ఒక్కళ్ల వీపూ పుండు పడలేదు. అది రాస్తారా?”

రాశాను. తేదీ చెప్పాను, శనివారమని. చెంచా పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

“మరి ఆ రోజు మాస్టారి దగ్గర ఎవరుంటారు?”